తాడు దాటనివ్వని అసిరమ్మ

అనగా అనగా, సముద్రం తుమ్మితే గుమ్మం తడిసేంత దగ్గరగా ఒక ఊళ్ళో అసిరమ్మ అనే ఆవిడ ఉండేది. దుప్పటి కప్పుకో, చెబుతాను. కాళ్ళు లోపల పెట్టు. ఇది కోపం కథ. కోపం కథ వినేటప్పుడు కాళ్ళు బయట ఉంటే కాలిపోతాయి.

ఆ ఊరి పేరు ఉప్పరేవు. ఉప్పరేవులో అసిరమ్మ కోపం తెలియని పిట్ట లేదు. ఆవిడ పళ్ళు కొరికితే పక్క ఊళ్ళో కుక్కలు మొరిగేవి. పొయ్యి రాజుకోకపోతే దాని వంక ఒక్క చూపు చూసేది, పుల్లలు వాటంతటవే అంటుకునేవి. ఆ ఇంట్లో అగ్గిపెట్టె కొనే పనే లేదు. నిజం! చూసినవాళ్ళు నాకు చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పే రకం కాదు.

ఆవిడ మొగుడు సన్నిబాబు. అతనికి కోపమంటే ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు. దోమ కుడితే, పాపం ఆకలేసిందేమో అని చెయ్యి అలాగే ఉంచేవాడు. అతనికి ఉన్నదల్లా ఒకటే పిచ్చి, సైకిలు. పెళ్ళిపీటల మీదకి కూడా గంట కొట్టుకుంటూ సైకిలు మీదే వచ్చాడు.

ఒకనాడు పొద్దున్నే ఒక కబురు వచ్చింది. సరుగుడుపేటలో అసిరమ్మ పిన్ని గౌరమ్మకి పదిరోజుల కిందట చేపల వాటా ఇవ్వలేదుట.

అదేం పెద్ద సంగతి అంటావేమో, పెద్ద సంగతే. అలివి వల సంగతి నీకు తెలియదు కదూ? పడవలో వలని సముద్రంలోకి తీసుకెళ్ళి, చేపల గుంపు చుట్టూ గుండ్రంగా దింపుతారు. వల రెండు కొసలకీ రెండు పొడుగాటి తాళ్ళు. ఆ తాళ్ళు ఒడ్డున జనం చేతిలో ఉంటాయి. ఆడా మగా, ముసలీ ముతకా అందరూ పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. ఎంతసేపు లాగావు, ఎంత బలంగా లాగావు అని ఎవరూ అడగరు. తాడు మీద చెయ్యి పడిందా, వాటా పడింది. వల ఒడ్డుకి రాగానే వల పెద్ద నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు. “ఫలానా వాళ్ళ చెయ్యి తాడు మీద ఉంది!” అని అరుస్తాడు. అరిచి, ఇసుకలో వాళ్ళ పేర కుప్ప పోస్తాడు. సముద్రం పుట్టిన మర్నాటి నుంచీ అదే కట్టడి.

సరుగుడుపేట వల పెద్ద ఎల్లాజీ. మీసాలు పడవ తెడ్లంత ఉండేవి. పోయిన గాలివానలో పడవని ఒడ్డుకి లాగుతుంటే గౌరమ్మ పడిపోయి మణికట్టు విరిగింది. అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. అయినా ఆ చేత్తోనే తాడు పట్టింది. ఆ చేతిని చూపించి, ఊరందరి ముందూ ఎల్లాజీ అన్నాడుట, “నీది చెయ్యి కాదు గౌరమ్మా, చెయ్యి బొమ్మ. బొమ్మకి వాటా ఏటి?” అని. ఊరంతా నవ్విందిట. ఎల్లాజీ ఆవిడ పేరు పిలవలేదు. కుప్ప పోయలేదు.

ఆ మాట చెవిన పడగానే అసిరమ్మ చేతిలో ఉన్న అంబలి ముంత భళ్ళుమంది. ఆవిడ విసరలేదు. ఆ వేడికి అదే పగిలింది.

“సైకిళ్ళు తియ్యి మావా,” అంది.

“ఎక్కడికే?”

“సరుగుడుపేట. ఎల్లాజీని కడిగెయ్యాల.”

“బస్సుంది గదేటి?”

“బస్సు ఊరూరా ఆగుతాది. నా కోపం ఆగదు.”

అప్పుడు ఇద్దరూ చెరో సైకిలు ఎక్కి సముద్రం పక్క దారిన బయలుదేరారు. ముందు అసిరమ్మ, వెనక సన్నిబాబు. ఆవిడ తొక్కుడుకి దారిలో ఇసుక లేచి, ఆ రోజు రెండు ఊళ్ళవాళ్ళు తెల్లారలేదేమో అనుకుని మళ్ళీ పడుకున్నారు.

కొంత దూరం పోయాక ఎదురుగాలి వచ్చింది. తాడిచెట్లు వంగిపోయే గాలి. అసిరమ్మ తలెత్తి, “ఓసి గాలీ, నీకూ ఎల్లాజీకీ సుట్టరికమేటి?” అంది. గాలి సిగ్గుపడి పక్కకి తిరిగింది.

ఆ తర్వాత గెడ్డ వచ్చింది. ఏటి నీళ్ళు సముద్రంలో కలిసేచోట మోకాటి లోతు పారుతున్నాయి. సన్నిబాబు సైకిలు దిగి భుజాన వేసుకున్నాడు. అసిరమ్మ దిగలేదు. అదే ఊపున తొక్కింది. నీళ్ళు అటు సగం ఇటు సగం లేచి నిలబడ్డాయి. ఆవిడ అవతలి గట్టెక్కాక చూస్తే చక్రం పుల్లల్లో ఎండ్రకాయలు, “ఇదెక్కడికి తీసుకొచ్చావమ్మా” అన్నట్టు డెక్కలు ఎత్తి చూస్తున్నాయి.

ఆ తర్వాత సన్నిబాబు సైకిలుకి ముల్లు గుచ్చుకుని గాలి పోయింది. చిల్లుకి అతుకు వేశాడు కానీ పంపు తేలేదు. అసిరమ్మ ఆ ట్యూబు లాక్కుని నోట్లో పెట్టుకుని, ఎల్లాజీ మొహం తలుచుకుని ఒక్క ఊదు ఊదింది. చక్రం పొంగి రాయిలా అయింది. ఆ చక్రంలో గాలి ఈ రోజుకీ తగ్గలేదుట.

దారి పొడుగునా ఆవిడ తిట్లు సాధన చేస్తూనే ఉంది. “ఎల్లాజీ, నీ మీసాలకి చెద పట్ట! నీ వలకి ఎలకలు పడ! నువ్వు ఉలవచేప తింటే ముల్లు అడ్డం తిరగ!”

“మూడోది బాగుందే. అది ముందు అను,” అన్నాడు సన్నిబాబు రొప్పుతూ.

“నీకు నవ్వులాటగా ఉందేటి? మా పిన్ని ఆ తాడు లాగిన సెయ్యితోనే పిల్లల్ని పెంచింది. ఆ సెయ్యితోనే మా అమ్మకి పురుడు పోసింది. ఆ సెయ్యి బొమ్మా?” అంది. ఆ మాట అంటుంటే ఆవిడ గొంతు తడిసింది. అయితే అది ఏడుపు కాదు. కోపం బాగా మరిగితే ఆవిరి వస్తుంది, అది.

అప్పుడు సరుగుడుపేట వచ్చింది. చూస్తే రోడ్డు పొడుగునా జెండాలు, జనం, మైకు! పట్నం నుంచి ఎవరో సైకిలు పందెం పెట్టారు. సముద్రం రోడ్డు మీద దీపస్తంభం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగి రావాలి. రోడ్డు వారన తాళ్ళు కట్టి ఎవర్నీ అవతలికి పోనివ్వడం లేదు.

సన్నిబాబు కళ్ళు కొబ్బరికాయలంత అయ్యాయి. “అసిరీ, పందెమే! ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్కటి!”

“నాను మనిషిని కడగడానికి వచ్చాను మావా, తమాషా సూడ్డానికి కాదు.”

కానీ దారి లేదు కదా, ఆగక తప్పలేదు. పళ్ళు పటపటలాడిస్తూ నిలబడింది. అప్పుడు పందెంవాళ్ళు వచ్చారు. ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టలు, తలమీద బోర్లించిన పుచ్చకాయ చెక్కల్లాంటి టోపీలు, చేతులకి తొడుగులు, బూట్ల అడుగున ఇనప బొడిపెలు. ముందు ఒక పచ్చచొక్కా అమ్మాయి. ఝుమ్మని పోయారు! వాళ్ళ వేగానికి ఆరేసిన చేపలు లేచి మళ్ళీ ఈదబోయాయి. సన్నిబాబు చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు వాచిపోయాయి.

అసిరమ్మ అటు చూడనే లేదు. రోడ్డుకి ఇవతల సరుగుడు తోట ఉంది. ఆ తోటలో ఒక చెట్టు మొదట్లో పిన్ని కూర్చుని ఉంది. సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ సముద్రానికి వీపు పెట్టడం అసిరమ్మ ఎప్పుడూ చూడలేదు.

“ఎందుకొచ్చావే ఇంత ఎండన పడి?” అంది గౌరమ్మ.

“ఎందుకొచ్చానా! ఎక్కడున్నాడు ఆ మీసాలోడు?”

“అదిగో, ఒడ్డున వల లాగతన్నారు. పొద్దున్న ఏసిన వల.”

చూస్తే ఊరు ఊరంతా తాడు మీద ఉంది. వల దగ్గరకి వచ్చేకొద్దీ బరువెక్కుతోంది. జనం వెనక్కి, వెనక్కి నడుస్తున్నారు. ఆ ఊళ్ళో ఇసుక తక్కువ, సముద్రం తినేసింది. అందుకని వెనక్కి నడుస్తూ నడుస్తూ రోడ్డెక్కేశారు. రోడ్డు దాటి సరుగుడు తోటలోకి వచ్చేశారు. తాడు కొస గౌరమ్మ ఒళ్ళో పడేంత దగ్గరకి వచ్చింది. ఆవిడ చెయ్యి ముడుచుకుంది కానీ ముట్టుకోలేదు.

అప్పుడు ఈల వినబడింది. తెల్లటోపీ పెట్టుకున్న పందెం పెద్దమనిషి మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“తాడు తీసెయ్యండి! రోడ్డు మీద తాడేమిటి? రేసు తిరిగి వచ్చేస్తోంది!”

జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసా? ముందురోజు దండోరా వేశారు, రేపు పొద్దున్న పందెం, ఈ రోడ్డు మీద ఏ బళ్ళూ తిరగవు అని. సరుగుడుపేటవాళ్ళు అది విని తెగ సంబరపడ్డారు. కార్లు లేవు, లారీలు లేవు, ఆటోలు లేవు. తాడు రోడ్డుకి అడ్డంగా హాయిగా లాగచ్చు. ఏడాదంతా ఇంత మంచి రోజు మళ్ళీ రాదని పెద్ద వలే వేశారు!

“బళ్ళు రావని సెప్పినారు గదా బాబూ?” అన్నాడు ఎల్లాజీ.

“సైకిళ్ళు వస్తాయి కదయ్యా!”

“సైకిలు బండేటి బాబూ? సైకిలు సైకిలే గదా!”

“మాటలొద్దు. ముందు తాడు వదలండి!”

తాడు వదిలితే ఏమవుతుంది? వల నోరు తెరుచుకుంటుంది. చేప వచ్చినదారినే పోతుంది. ఉత్త వల అలలకి కొట్టుకుపోయి రాళ్ళకి చుట్టుకుని పీలికలవుతుంది. అది ఒకళ్ళ వల కాదు, ఊరి వల. వారం నుంచి ఆ వలలో నాచు తప్ప ఏమీ పడలేదు. ఇవాళ తాడు బిగుసుకున్న తీరు చూస్తే లోపల ఏదో ఉందని ముసలివాళ్ళకి అరచేతుల్లోనే తెలిసిపోతోంది.

“ఒగ్గితే సచ్చిపోతాం బాబూ,” అన్నాడు ఎల్లాజీ. దండం పెడదామంటే చేతులు తాడు మీద ఉన్నాయి. ఖాళీ లేదు. మీసాలు కిందికి వాలిపోయాయి.

అసిరమ్మ అది చూసింది. బాగా అయింది, అనుకుంది. బొమ్మ అన్నావు కదా, ఇప్పుడు నీ చేతులే బొమ్మ చేతులయ్యాయి, అనుకుంది. అనుకుని ఒక్క క్షణం మహా తృప్తిగా నిలబడింది.

అప్పుడు తెల్లటోపీ మనిషి వెనక్కి తిరిగి, “కత్తి తెండి. కోసెయ్యండి,” అన్నాడు.

ఆ మాటతో అసిరమ్మ లోపల రెండు కోపాలు లేచి నిలబడ్డాయి. ఒకటి ఎల్లాజీ మీద, పొద్దుటి నుంచీ మరుగుతున్నది. ఇంకొకటి ఈ తెల్లటోపీ మీద, అప్పుడే పుట్టింది. పుట్టడమే పెద్ద కోపంగా పుట్టింది. అది పాత కోపాన్ని భుజం పట్టుకుని, “నువ్వు కాస్త జరుగు, ముందు నా పని,” అంది.

“ఆగు!” అంది అసిరమ్మ.

ఏం అరుపనుకున్నావు! మైకు దానంతటదే మూగబోయింది. కాకులు ఎగరడం మరిచిపోయి కిందపడ్డాయి. ఒడ్డుకి వస్తున్న అల సగంలో నిలబడి, రావాలా వద్దా అని ఆలోచించుకుంది.

“వల తాడు కోస్తావేటి? నీ కంచం ముందు నీ సెయ్యి ఎవడైనా కోస్తే ఊరుకుంటావేటి? దండోరా వేయించినోడివి, సైకిళ్ళు తిరిగి పోయేదాకా తాడు ముట్టకండని ఒక్క ముక్క సెప్పలేకపోయావా? రోడ్డు నీది కాదు, నాది కాదు. ఆకలి మాత్రం వీళ్ళది!”

“అమ్మా, రేసు ఆపకూడదు. రూల్సున్నాయి.”

“మాకూ ఉన్నాయి. తాడు దాటకూడదు. అదే మా రూలు!” అని తన సైకిలు తీసి రోడ్డుకి అడ్డంగా పడేసి, దాని ముందు కొంగు బిగించి నిలబడింది.

అప్పుడే పందెంవాళ్ళు వచ్చేశారు. తుపాను వచ్చినట్టు వచ్చారు. సన్నిబాబు రెండు చేతులూ ఊపుతూ, “ఆపండి బాబూ! మా ఆవిడ తప్పుకోదు! నాకు తెలుసు, తప్పుకోదు!” అని అరిచాడు. కీచుమంటూ బ్రేకులు పడ్డాయి. ఒకళ్ళ మీద ఒకళ్ళు వచ్చి ఆగారు. పచ్చచొక్కా అమ్మాయి చక్రం అసిరమ్మ చీర కుచ్చిళ్ళకి అంగుళం దూరంలో నిలిచింది. అసిరమ్మ రెప్ప వెయ్యలేదు. ఆవిడ చూపుకి ఆ చక్రమే కాస్త వెనక్కి జరిగిందని అంటారు.

“ఏమైందండీ?” అంది ఆ అమ్మాయి ఆయాసపడుతూ.

“ఊరి వల తాడమ్మా ఇది. దాటకూడదు, తొక్కకూడదు, కొయ్యకూడదు. వల ఒడ్డుకొస్తే దారి దానంతటదే వత్తాది. నీకు తొందరుందా?”

“చాలా ఉందండీ.”

“అయితే దిగి లాగు.”

ఆ అమ్మాయి తెల్లటోపీ వైపు చూసింది. సముద్రం వైపు చూసింది. సైకిలు పక్కన పడుకోబెట్టి, ఇనప బొడిపెల బూట్లు విప్పేసి తాడు పట్టుకుంది. ఆ అమ్మాయి వెనక మిగతా పందెంవాళ్ళందరూ దిగారు. సన్నిబాబు దూకాడు. అసిరమ్మ పట్టింది. ఆవిడ పట్టగానే తాడు ఒళ్ళు జలదరించింది!

“ఓసోసోయ్! లాగరా! లాగు!”

అప్పుడు వల కదిలింది. ఆ తర్వాత వల పొట్ట కనబడింది. ఆ తర్వాత ఒడ్డు మీదకి వెండి కుమ్మరించినట్టు చేప! వంజరాలు, కవ్వళ్ళు, చందువలు. ఎంత చేపంటే, ఆ బరువు బయటికి రాగానే సముద్రం జానెడు కిందికి దిగిపోయిందిట. అవతలి దేశంలో ఓడలు బురదలో కూర్చున్నాయిట.

తాడు రోడ్డు మీంచి దిగిపోయింది. పందెంవాళ్ళు సైకిళ్ళ వైపు పరిగెత్తబోతుంటే ఎల్లాజీ ఆపాడు. అతని మీసాలు మళ్ళీ లేచాయి. “వాటా తీసుకోకుండా ఎల్లకూడదు,” అన్నాడు. నిలబడి పిలవడం మొదలుపెట్టాడు. ఊరివాళ్ళ పేర్లన్నీ అయ్యాక, “పచ్చసొక్కా పిల్ల సెయ్యి తాడు మీద ఉంది!” అని అరిచాడు. ఇసుకలో కుప్ప పోశాడు. అలా పందెంవాళ్ళందరికీ పిలిచి పిలిచి పోశాడు. వాళ్ళు కేరింతలు కొట్టి, చేపల్ని ఆ పుచ్చకాయ టోపీల్లో వేసుకుని, మళ్ళీ సైకిళ్ళెక్కి పోయారు. ఊరంతా నవ్వింది.

అసిరమ్మ నవ్వలేదు. పక్కకి జరిగి కూర్చున్న పాత కోపం ఇప్పుడు లేచింది. లేచేసరికి అది ఇంకా ఎదిగి ఉంది.

“ఎల్లాజీ పెద్దయ్యా,” అంది. అరవలేదు. అరవకుండా అంటేనే జనం వెనక్కి జరిగారు. “ఆ పచ్చసొక్కా పిల్ల ఈ ఊరిదేటి?”

“కాదు.”

“ఆ పిల్ల సేతికి తొడుగుంది. తాడుకి ఆ పిల్ల సెయ్యి తగిలిందేటి?”

“తొడుగైతేనేటి, సెయ్యి సెయ్యే గదా.”

“ఎంతసేపు లాగింది?”

“ఎంతసేపు లాగారని అడక్కూడదే అమ్మీ! ఎంత బలంగా లాగారనీ అడక్కూడదు. అది కట్టడి. తాడు మీద సెయ్యి పడితే...”

అక్కడ ఆగిపోయాడు ఎల్లాజీ. తన నోట్లోంచి వచ్చిన మాట తన గొంతుకే అడ్డం పడింది.

“సెప్పు! ఆపావేం? సెప్పు!” అంది అసిరమ్మ. ఇప్పుడు అరిచింది. “దారిన పోయేదానికైతే నీకు కట్టడి గుర్తొచ్చిందే! ఈ వల అల్లిన సెయ్యి కాడ గుర్తు రాలేదా? ఆ సెయ్యి ఎక్కడ ఇరిగింది? దొంగతనం సేస్తే ఇరిగిందా? ఈ ఊరి పడవ లాగితే ఇరిగింది! నీ పడవ! దానికి నువ్వు పెట్టిన పేరు బొమ్మా?”

ఇన్ని రోజులూ మాట్లాడని జనం తలలు దించుకున్నారు. ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. అసిరమ్మ వాళ్ళనీ వదల్లేదు. “మీరు నవ్వారంట గదా ఆయేళ? నవ్వండి ఇప్పుడు! నవ్వండి, సూస్తాను!” ఒక్కరికీ పన్ను బయటికి రాలేదు.

అప్పుడు ఎల్లాజీ వంగి, మంచి వంజరాలు ఏరి ఒక పెద్ద కుప్ప పోశాడు. “ఇది గౌరమ్మది,” అన్నాడు.

గౌరమ్మ సరుగుడు తోటలోంచి నడిచి వచ్చింది. కుప్ప వంక చూసింది. “నాకొద్దు,” అంది.

“అదేటి పిన్నీ!” అంది అసిరమ్మ, ఈసారి పిన్ని మీదే కోపం వచ్చి.

“ఇవాళ నా సెయ్యి తాడు మీద లేదు. లేనప్పుడు తింటే అది ముష్టి. నాకు కుప్ప వద్దు ఎల్లాజీ. నీళ్ళలో తాడు మొదట నా సోటు నాకియ్యి. కుప్ప దానికదే వత్తాది.”

ఆ మధ్యాహ్నమే రెండో వల వేశారు. ఆ తర్వాత గౌరమ్మ చీర ఎగ్గట్టి నడుం లోతు నీళ్ళలోకి దిగింది. అందరికంటే ముందు, అలలు మొహాన కొట్టే చోట నిలబడి, వంకర చెయ్యి, మంచి చెయ్యి రెండూ వేసి తాడు పట్టింది. ఆవిడ వెనక అసిరమ్మ. ఆవిడ వెనక సన్నిబాబు.

వల వచ్చింది. ఎల్లాజీ నిలబడ్డాడు. “గౌరమ్మ సెయ్యి తాడు మీద ఉంది,” అన్నాడు, మీసాల్లోకి.

“మీసాలకి సెప్పకు. జనానికి సెప్పు,” అంది అసిరమ్మ.

“గౌరమ్మ సెయ్యి తాడు మీద ఉంది,” అన్నాడు జనం వైపు తిరిగి.

“జనం అప్పుడూ ఇన్నారు, ఇప్పుడూ ఇన్నారు. వాళ్ళని నమ్మను. సముద్రానికి సెప్పు!”

అప్పుడు ఎల్లాజీ తలపాగా తీసి, సముద్రం వైపు తిరిగి, గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచాడు.

“గౌరమ్మ సెయ్యి తాడు మీద ఉంది!”

ఆ కేక సముద్రం అవతలి ఒడ్డుకి తగిలి, తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. అంతవరకూ గౌరమ్మ తన కుప్ప ముందు నిలబడే ఉంది. కేక తిరిగొచ్చి చెవిన పడ్డాక వంగి, వంకర చేత్తోనే మొదటి చేపని ఎత్తి గంపలో వేసుకుంది.

మరి అసిరమ్మ కోపం తగ్గిందా అంటే, ఏం తగ్గుతుంది? అలాంటి కోపాలు తగ్గకూడదు కూడా. పిన్ని ఇంట్లో పులుసు పొయ్యి మీద పెట్టి ఒక్క చూపు చూసింది, అంతే, పులుసు కుతకుతలాడింది. అందరూ కడుపునిండా తిన్నారు.

కథేమో కంచికి, చేపేమో చట్టికి,
కోపమేమో కొండకి, కునుకేమో కంటికి,
తాడేమో వాళ్ళ చేతికి, దుప్పటేమో నీ ఒంటికి,
పద పద బంగారూ, మనమింక ఇంటికి!